కోత పండుగలో అమ్ముడైన హెల్మెట్

చిలకలగూడ,
18 నవంబరు 2024

చెల్లి కాంతమణికి,

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేశావని పక్కింటి విమలమ్మగారు చెప్పింది. నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది దాని వెనకే బయల్దేరింది. ఫోన్లో నీ గొంతు రేకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఏదైనా ఉంటే బాపట్ల నుంచి ఉత్తరమే రాయి. ఉత్తరంలో ఇంకో సుఖం కూడా ఉంది. నేను మాట్లాడుతుంటే నువ్వు అడ్డం రాలేవు.

నిన్న మా చర్చిలో కోత పండుగ. నువ్వు సికిందరాబాదులో నర్సుగా పనిచేసిన రోజుల్లో చూసిందే. గుమ్మడికాయలు, కోళ్లు, కేకులు, అరటిగెలలు కానుకగా తెచ్చిపెడతారు, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. సెక్రటరీ నతానియేల్ మైకు పట్టుకుంటాడు. నా దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడు. రెండుసార్లూ సైన్సు మాత్రం చదవలేదు. పదిహేనేళ్లుగా మా సంఘాన్ని వాడే నడిపిస్తున్నాడు.

నిన్న గుమ్మడికాయలకీ ఒక నాటుకోడికీ మధ్య హెల్మెట్ పెట్టారు.

ఎవరిదో చెబుతాను. క్వయర్‌లో పాడే జెరెమియా నీకు గుర్తుండాలి, ల్యాబ్ టెక్నీషియన్. జూన్‌లో వాడు ఉత్త తలతో బండి మీద వెళ్తుంటే చర్చి గేటు దగ్గర ఆపి, తిట్టి, నేనే ఒక హెల్మెట్ కొనిచ్చాను. మెరూన్ రంగుది. "పట్టీ బిగించకపోతే అది హెల్మెట్ కాదురా, టోపీ" అని గడ్డం కింద పట్టీ నా చేత్తో బిగించాను. సెప్టెంబరులో మెట్టుగూడ దగ్గర ఇసుక మీద వాడి బండి జారింది. తల వెళ్లి డివైడర్ అంచుకి కొట్టుకుంది. భుజం ఎముక విరిగింది. తలకి బొప్పి కూడా కట్టలేదు.

దీన్ని బట్టి ఎవరికైనా ఏం అర్థం కావాలి? తలకీ సిమెంటుకీ మధ్య ఒక గట్టి డిప్ప, దాని లోపల అంగుళం మందాన థర్మోకోల్ ఉంటే, దెబ్బని ఆ థర్మోకోల్ తను నలిగి మింగుతుంది, మెదడు దాకా పోనివ్వదు అని. చావు ముప్పు నలభై శాతం, తలగాయం ముప్పు డెబ్బై శాతం దాకా తగ్గుతాయని దేశదేశాల పరిశోధనలు కలిపి చూసినవాళ్లు రాశారు. ఇరవై ఏళ్లుగా ఈ చర్చిలో ఈ మాటే చెబుతున్నాను. నిన్న జెరెమియా సాక్ష్యం చెప్పాడు, పాస్టరు అయ్యగారు ప్రసంగం చేశారు, ఇద్దరూ దేవుని హస్తం తప్ప ఇంకొకటి లేదన్నారు. ఆ హస్తాన్ని నేను కాదనను. ఆ రోజు అది ఏ రంగు హెల్మెట్ పట్టుకుని వచ్చిందో ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఇచ్చిన ముసలాడి పేరు చెప్పకపోతే పోనీ, నాకు పేర్లు అక్కర్లేదు. (ఇది చదివి నువ్వు నవ్వుతావని తెలుసు.)

అసలు సంగతి అది కాదు. జెరెమియా తల్లి ఆ హెల్మెట్‌నే కృతజ్ఞతార్పణగా ఇచ్చింది. గీతలకి పాలిష్ పెట్టి రుద్దించారు. పోని గీతల మీద సిలువ స్టిక్కరు ఒకటి, వాక్యం స్టిక్కరు ఒకటి అంటించారు. నతానియేల్ దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. "చూడుండ్రి, పాణం నిలబెట్టిన హెల్మెట్! గిది నెత్తి మీదుంటే ఇంక భయమేంది? పాట షురూ!"

నేను లేచాను. "ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు. లోపల థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది, పైకి కనపడదు. నలిగింది మళ్లీ లేవదు. రెండోసారి అది ఏ దెబ్బా ఆపదు. దాన్ని కోసి పారెయ్యాలి గానీ అమ్మకూడదు" అన్నాను. మైకు లేకుండా, డెబ్బై ఆరేళ్ల గొంతుతో, కోళ్ల అరుపుల మధ్య.

"సార్, జెర కూసోండ్రి. గిది క్లాస్‌రూం కాదు, కోత పండుగ."

"క్లాస్‌రూం అయితే నీ చేతిలో మైకు ఉండేది కాదు. బెంచీ ఎక్కి నిలబడి ఉండేవాడివి."

అందరూ నవ్వారు. నా మాటకి అనుకున్నాను. కాదు, నన్ను చూసి.

గుమ్మడికాయల కంటే, కోడి కంటే, అన్నిటికన్నా పెద్ద కేకు కంటే ఆ హెల్మెట్‌కే ఎక్కువ పాట వచ్చింది. ఎవరో ఫోన్లో పాడి గెలిచారు. ఊరు వదిలి వెళ్లిన పాత సభ్యులకి నతానియేల్ ముందుగా వస్తువుల ఫొటోలు పంపిస్తాడు, వాళ్లు ఫోన్లో పాట పాడతారు, అదో కొత్త పద్ధతి. ఎవరని అడిగాను. "పేరు చెప్పొద్దన్నరు సార్" అన్నాడు. ఆ మూర్ఖుడెవడో, మూర్ఖురాలెవతో, దాన్ని ఎవరి నెత్తిన పెడతారో తెలిసేదాకా నాకు మనశ్శాంతి లేదు.

నీ షుగర్ ఎలా ఉంది?

అన్నయ్య,
ఆర్థర్


బాపట్ల,
25 నవంబరు 2024

అన్నయ్యకి వందనాలు.

నువ్వు ఆఖరి లైనులో అడిగావు కాబట్టి నేను మొదటి లైనులో చెబుతున్నాను, షుగర్ అదుపులోనే ఉంది.

హెల్మెట్ గురించి నువ్వు రాసిన ప్రతి ముక్కా నిజమే. నాకు శాతాలు అక్కర్లేదు. ముప్పై రెండేళ్లు క్యాజువాలిటీలో నిలబడ్డాను. హెల్మెట్ పెట్టుకుని పట్టీ పెట్టుకోనివాళ్లని తెచ్చినప్పుడు, వెనకాల ఎవరో ఒకరు హెల్మెట్‌ని విడిగా తెచ్చేవారు. ఒక్క గీత లేకుండా ఉండేది. మేం దాన్ని మంచం కింద పెట్టేవాళ్లం. చాలాసార్లు దాన్ని పట్టుకెళ్లడానికి ఇంటివాళ్లకి చేతులొచ్చేవి కావు.

కానీ అన్నయ్యా, నిజం చెప్పడానికి ఒక పద్ధతుంటుంది. నువ్వు నిజాన్ని బెత్తంలా పట్టుకుంటావు. దెబ్బ తిన్నవాడికి చెయ్యి మంట గుర్తుంటుంది గానీ పాఠం గుర్తుండదు. నతానియేల్ని అరవై ఏళ్ల వయసులో, పెళ్లాం ముందు, కోడలి ముందు, మైకు దగ్గర తొమ్మిదో తరగతికి పంపించావు. ఇంక నీ థర్మోకోల్ సంగతి ఎవడు వింటాడు?

ఇంకో మాట. కొన్నవాళ్లు మూర్ఖులని నీకెవరు చెప్పారు? తలకి పెట్టుకోవడానికే కొన్నారని ఎలా తెలుసు? దాచుకోవడానికి కొని ఉండొచ్చు. వాళ్ల కారణం వాళ్లకుంటుంది. తెలియని మనుషుల్ని తిట్టడం నీకు అలవాటైపోయింది. తెలిసినవాళ్లంతా అయిపోయారని కాబోలు.

జెరెమియాకి కొనిచ్చానని రాశావు. ఏ కొట్లో కొన్నావు?

మా మనవరాలు బ్యూలాకి సికిందరాబాదులో ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైంది కదా. అల్వాల్‌లో హాస్టల్లో ఉంటోంది, స్కూటీ మీద తిరుగుతోంది. మీ ఆర్థర్ తాతయ్య దగ్గరికి ఒక్కసారే వెళ్లావేమే అని అడిగాను. "తాతయ్య ముందు బండి టైర్లు చూస్తాడు, తర్వాత బ్రేకులు చూస్తాడు, టైముంటే నా మొహం చూస్తాడు" అంది. నా మనవరాలని వెనకేసుకు రావడం లేదు. విన్నది విన్నట్టు రాశాను. క్రిస్మస్‌కి ఇక్కడికి వస్తుంది.

వేళకి తిను.

నీ చెల్లెలు,
కాంతమణి


చిలకలగూడ,
6 డిసెంబరు 2024

చెల్లి కాంతమణికి,

ఏ కొట్లో కొంటే నీకెందుకు? ఐఎస్ఐ ముద్ర ఉంది. గడ్డం కింద పట్టీ బలంగా ఉంది. అది చాలు.

నీ ఉపన్యాసం చదివాను. నన్ను పద్ధతిగా చెప్పమన్నావు కాబట్టి పద్ధతిగానే చెప్పాను. ఏమైందో విను.

మొదట సంఘ కమిటీకి మూడు పేజీల ఉత్తరం రాశాను. జవాబు లేదు. తర్వాత నోటీసు బోర్డు మీద నా చేతిరాతతో ఒక కాగితం అంటించాను. "దెబ్బ తిన్న హెల్మెట్ కొన్న అజ్ఞాతవ్యక్తి ఎంత తెలివితక్కువవారైనా వెంటనే దాన్ని వాడడం మానవలెను" అని. మర్నాటికి దాని మీద క్రిస్మస్ కేకుల ఆర్డరు కాగితం అంటించారు. అప్పుడు అయ్యగారి దగ్గరికి వెళ్లి, ప్రయోగం చేసి చూపిస్తానని అడిగాను. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు, ఎవరితోనూ గొడవ పడనివాడు. అందుకే ఆయన వల్ల ఏ పనీ జరగదు. కమిటీ రోజున పది నిమిషాలిచ్చారు.

రెండు డబ్బాలు తీసుకెళ్లాను. ఒకదాంట్లో కొత్త థర్మోకోల్, ఇంకోదాంట్లో సుత్తితో నలగ్గొట్టిన థర్మోకోల్. ఒక్కోదాంట్లో ఒక్కో కోడిగుడ్డు. మెట్ల పైనుంచి రెండూ వదిలాను. కొత్త థర్మోకోల్‌లో గుడ్డు పగిలింది. నలిగినదాంట్లో గుడ్డు నిక్షేపంగా ఉంది. డబ్బా ఓరగా పడింది, ఇంకోసారి చేస్తాను అంటున్నాను, ఎవరూ వినరే!

నతానియేల్ ఆ గుడ్డు చేతిలోకి తీసుకుని, "సార్, గుడ్డు సుత మీ మాట వింటలేదు" అన్నాడు. అయ్యగారు కూడా నవ్వారు.

ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పాను. హెడ్మాస్టరు పోస్టు నాకు రావలసింది నా కంటే ఆరేళ్లు చిన్నవాడికి ఇచ్చారు, నాకు నోరు ఎక్కువని. అప్పుడు కూడా ఇంత బాధపడలేదు.

వాళ్లు ఈ రోజు కొత్తగా నవ్వడం లేదు. వెనక కూర్చునేవాళ్లు కూడా హెల్మెట్ పెట్టుకోవాలని, అది చట్టంలోనూ ఉందని, పడినప్పుడు వెనకవాళ్లే ముందు ఎగిరిపడతారని నేను మొత్తుకుంటే ఈ సంఘం మొత్తంలో విన్నది మీ వదిన ఒక్కతే. ప్రిసిల్లా ఆదివారం నా వెనక హెల్మెట్‌తో గేటులోకి వస్తుంటే నతానియేల్ భార్య ప్రేమమణి మెట్ల మీద నిలబడి, "హెల్మెట్ ఆంటీ వచ్చింది! రాకెట్ ఏడ పెట్టిన్రు ఆంటీ?" అని అందరికీ వినపడేలా అరిచేది. పక్కనున్న ఆడవాళ్లంతా నవ్వేవారు. ప్రిసిల్లా కూడా నవ్వి, హెల్మెట్ తీసి, నలిగిన పూలు సర్దుకుని లోపలికి వెళ్లేది. జబ్బుతో మంచం పట్టేదాకా నాలుగేళ్లు అలాగే చేసింది. ఒక్కసారి కూడా మానలేదు. నేను మాత్రం ఒక్క నవ్వూ మరిచిపోలేదు. ప్రేమమణికి ఇవ్వవలసిన జవాబు నా దగ్గర పదకొండేళ్ల నుంచి తయారుగా ఉంది.

ఇప్పుడు అసలు మాట. నిన్న ఉదయం పది గంటలకి చిలకలగూడ చౌరస్తాలో ఆ హెల్మెట్ కనిపించింది! మెరూన్ రంగు, సిలువ స్టిక్కరు, వాక్యం స్టిక్కరు. స్కూటీ మీద ఒక ఆడపిల్ల. మొహానికంతా చున్నీ చుట్టుకుంది, కళ్లు తప్ప ఏమీ కనపడవు. సిగ్నల్ దగ్గర ఆగింది. "అమ్మాయ్! ఆ హెల్మెట్ తియ్యి! పనికిరాదది!" అని అరుస్తూ రోడ్డుకి అడ్డం పడి వెళ్లాను. ఆ పిల్ల నన్ను చూసింది. చూసి, సిగ్నల్ పడగానే నేను దెయ్యాన్నయినట్టు బండి దూకించుకుని పోయింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏంది పెద్దాయన! హెల్మెట్ పెట్టుకున్న పిల్లని పరేషాన్ చేస్తవేంది? లేనోళ్లు గింతమంది పోతున్నరు, గాళ్లకు చెప్పు!"

నేను చెప్పడం మొదలుపెట్టేసరికి వాడు విజిల్ వేశాడు.

కాంతం, ఆ పిల్లకి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. తల మీద ఏదో ఉందన్న ధైర్యంతో వేగంగా పోతోంది. ఆ తల మీద ఏమీ లేదు, రంగు డిప్ప తప్ప. ఆ పిల్లకి బుద్ధి లేదు, దాన్ని కొనిచ్చినవాళ్లకి అంతకన్నా లేదు. పేరు చెప్పని ఆ నతానియేల్‌ని ఏమనాలో నాకు వచ్చిన మూడు భాషల్లోనూ మాట దొరకలేదు.

అన్నయ్య,
ఆర్థర్


బాపట్ల,
10 డిసెంబరు 2024

అన్నయ్యకి,

స్పీడ్ పోస్టులో వేయిస్తున్నాను. కూర్చుని చదువు.

హెల్మెట్ కొన్న మూర్ఖురాలిని నేనే. నతానియేల్ ఫొటోలు పంపాడు, నేనే ఫోన్లో పాడాను, పేరు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ఎందుకు కొన్నానో తర్వాత రాస్తాను. తలకి పెట్టడానికి మాత్రం కాదు. బ్యూలా క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు తీసుకొస్తుందని దాని హాస్టల్‌కి పంపించమన్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చాక దాన్ని వాడొద్దని బ్యూలాకి ఒక్క ముక్క చెప్పవలసింది. ఎందుకు అని అడుగుతుంది, నీ పేరు చెప్పాలి, నీకు తెలుస్తుంది, నువ్వు తిడతావు. ఆ తిట్లకి భయపడి నోరు మూసుకున్నాను. డెబ్బై ఏళ్లొచ్చినా నీ తిట్లంటే నాకు భయమే.

నువ్వు సిగ్నల్ దగ్గర చూసింది బ్యూలానే. నిన్ను గుర్తుపట్టే పారిపోయింది. టైర్ల గురించి మొదలుపెడతావనుకుందట.

ఫోన్ చేసి దాన్ని తియ్యవే అంటే, "నా పాత హెల్మెట్ రూమ్మేట్‌కి ఇచ్చేశా అమ్మమ్మా. ఇది ప్రేయర్ చేసింది, నువ్వే కొన్నావు, ఇప్పుడు నువ్వే వద్దంటావేంటి? జీతం రాగానే కొత్తది కొంటాలే" అంది. జీతం రావడానికి ఇరవై రోజులుంది. రోజూ అల్వాల్ నుంచి ఆ లారీల మధ్య వస్తుంది.

నేను ఇంత దూరంలో ఉన్నాను. నువ్వు దగ్గరున్నావు. వెళ్లు. తిట్టకుండా వెళ్లు.

కాంతమణి


చిలకలగూడ,
14 డిసెంబరు 2024

చెల్లి కాంతమణికి,

నీ ఉత్తరం నిన్న పదకొండు గంటలకి వచ్చింది. పన్నెండింటికి బస్సెక్కాను. హాస్టల్ ముందు రెండు గంటలు నిలబడ్డాను. వాచ్‌మన్ సోమయ్య కుర్చీ వేసి, "గింత ఎండల నిలబడుడు ఏంది సారూ, పిల్ల ఏమన్న తప్పు చేసిందా?" అని అడిగాడు. పిల్ల చెయ్యలేదయ్యా, పెద్దవాళ్లు చేశారు అన్నాను.

బ్యూలా వచ్చింది. నేను తిట్టలేదు. టైర్లు చూడలేదు. (ముందు టైరు అరిగింది. తర్వాత చెబుతాను.) నడిపించి తీసుకెళ్లి, దాని తలకి సరిపడే కొత్త హెల్మెట్ కొన్నాను. తెల్లది. పట్టీ బిగించి, రెండు చేతులతో పట్టుకుని అటూఇటూ తిప్పి చూశాను, కదల్లేదు. పిల్ల ఏమీ వాదించకుండా పాతది నా చేతిలో పెట్టింది. ఇంటికి తెచ్చాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

మూర్ఖురాలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం. ఒట్టు నిలబెట్టుకున్నాడు కాబట్టి నతానియేల్ మంచివాడని మాత్రం నువ్వు రాయకు.

22న, క్రిస్మస్ ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అందరి ముందూ దీన్ని నిలువునా కోస్తాను. అయ్యగారు ఒప్పుకున్నారు. హార్డ్‌వేర్ షాపు ఓంప్రకాశ్‌ని రంపం అడిగాను, ఇనుము కోసేది. ఈసారి గుడ్డు లేదు, ఓరగా పడే డబ్బా లేదు. లోపల నలిగిన థర్మోకోల్ అందరి కళ్లకీ కనపడుతుంది. నతానియేల్ మొహం ఆ క్షణంలో ఎలా ఉంటుందో చూడాలి. ఇరవై ఏళ్ల బాకీ అది.

ఎందుకు కొన్నావో రాస్తానన్నావు. రాయనక్కర్లేదు.

అన్నయ్య,
ఆర్థర్


బాపట్ల,
17 డిసెంబరు 2024

అన్నయ్యకి,

రాయనక్కర్లేదన్నావు. అందుకే రాస్తున్నాను.

హాస్టల్ దగ్గర జరిగింది నువ్వు సగమే రాశావు. మిగతా సగం బ్యూలా ఫోన్లో చెప్పింది. "అమ్మమ్మా, తాతయ్య ఆ హెల్మెట్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. లోపల లేబుల్ మీద 2013 అని ఉంది. తాతయ్యా, హెల్మెట్ ఐదేళ్లకి మార్చాలని మీరే అంటారుగా, జెరెమియా అన్నకి ఈ సంవత్సరం కొనిచ్చారుగా అని అడిగా. 'నాకు చూపు ఆనడం లేదమ్మా' అన్నారు. కానీ బస్టాపులో బస్సు ఇంకా మలుపు తిరగకముందే నంబరు చదివేశారు" అంది.

నాకు ఆ తారీఖు అవసరం లేదు. నతానియేల్ పంపిన ఫొటోలో వెనక అంచున చిన్న తెల్ల పువ్వు కనిపించింది. నెయిల్ పాలిష్‌తో ఆ పువ్వు వేసింది నేను. మీ ఇంటికి వచ్చినప్పుడు వదిన వంటింట్లో కూర్చుని, "చర్చిలో అందరూ నవ్వుతున్నారు కాంతం, కనీసం చూడ్డానికి బాగుండేలా ఏదైనా వెయ్యి" అంటే వేశాను. వదిన తలకి పెట్టుకున్న వస్తువు గుమ్మడికాయల పక్కన వేలానికి వెళ్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. అందుకే కొన్నాను. నువ్వు కొనిచ్చానని రాసినప్పుడు ఏ కొట్లో అని అడిగాను. చెబుతావేమోనని.

కోసెయ్యి. నర్సుని, వద్దనను. వదిన ఉన్నా వద్దనదు. కానీ అందరి ముందూ కొత్త హెల్మెట్ కొనిచ్చిన గొప్ప మాస్టారివని చెప్పుకుంటూ కొయ్యకు. పదకొండేళ్ల పాత హెల్మెట్ ఎవరికీ ఇవ్వకూడదని నీకు తెలుసు. అయినా ఇచ్చావు. నేను పనికిరానిది కొన్నాను, వాళ్లు పనికిరానిది అమ్మారు, ముందుగా ఇచ్చింది నువ్వు. ఈ లైనులో అందరికన్నా ముందు నువ్వున్నావు అన్నయ్యా.

కోశాక ఆ పువ్వున్న ముక్క నాకు పంపు.

కాంతమణి


చిలకలగూడ,
30 డిసెంబరు 2024

చెల్లి కాంతమణికి,

నీ ఉత్తరం 21న వచ్చింది. ఆ రోజు నీకు జవాబుగా నాలుగు పేజీలు రాశాను, నీ మీద. చించేశాను. బాగా రాశాను కూడా.

22న వరండా నిండిపోయింది. కేకు, టీ ఉన్నాయి కాబట్టి వచ్చారని అనుకో. బల్ల మీద హెల్మెట్, పక్కన రంపం. బ్యూలా తెల్ల హెల్మెట్ చేతికి తగిలించుకుని ముందు నిలబడింది. జెరెమియా వచ్చి, "మాస్టారూ, మీరు కొనిచ్చినదాన్ని మా అమ్మ అట్ల వేలానికి పెట్టుడు తప్పే, మాఫ్ చేయుండ్రి" అన్నాడు. వాడి భుజం ఇంకా పూర్తిగా ఎత్తలేకపోతున్నాడు.

నేను నోరు మూసుకుని రంపం అందుకుని ఉంటే గెలిచేవాణ్ని. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

దాన్ని తిరగేశాను. వెనక వైపు లోపలి మెత్త మీద ప్రిసిల్లా కుట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. తెల్ల చీర చెంగు ముక్క. జుట్టు ముడి ఒత్తుకోకుండా కుట్టుకుంది. జెరెమియా దాన్ని తియ్యలేదు, కంపెనీవాళ్లే కుట్టారనుకున్నాడట.

"ఇది నేను కొనిచ్చింది కాదు" అన్నాను. "ఇది నా భార్యది. పదకొండేళ్లయింది దీనికి. ఇంత పాతది ఎవరికీ ఇవ్వకూడదని మీకు వందసార్లు చెప్పింది నేనే. ఇచ్చింది కూడా నేనే. మేకుకి వేలాడుతూ ఉండేది, రోజూ చూడలేకపోయాను. పారెయ్యలేకపోయాను. జెరెమియా ఎదురొస్తే, వాడికి మేలు చేస్తున్నానని చెప్పుకుని వదిలించుకున్నాను. పైగా కొత్తది కొనిచ్చానని అందరితోనూ చెప్పుకున్నాను."

నతానియేల్ అడిగాడు. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అడిగాడు. "మరి గంత పాతదైతే, మా పిలగాణ్ని కాపాడిందేంది సార్?"

వాడు తొమ్మిదో తరగతిలో ఒక్కసారి అలాంటి ప్రశ్న అడిగి ఉంటే ప్యాసయ్యేవాడు.

"పాతదైనా తల మీద ఉంది. బండి హ్యాండిల్‌కి వేలాడలేదు. పట్టీ బిగించి ఉంది, అందుకని ఎగిరిపోలేదు. లోపల మిగిలి ఉన్న బలమంతా ఆ ఒక్క దెబ్బకి ఖర్చు పెట్టేసింది. మిగిలిందెంతో, నలిగిందెంతో నాకూ తెలియదు. మీరు దేవుడంటే నేను కాదనను, ఈ ఒక్కసారికి. కానీ రెండోసారికి దీంట్లో ఏమీ లేదు. అది మాత్రం నాకు తెలుసు."

గుడ్డ కుట్లు బ్యూలా విప్పింది. నేను రంపం పెట్టాను. డిప్ప గట్టిది, రంపం జారుతోంది. నతానియేల్ వచ్చి నేల మీద కూర్చుని దాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. "కొయ్యుండ్రి సార్, నేను పట్టుకుంట." సగం నేను కోశాను. ఊపిరి ఆడక ఆగితే మిగతా సగం వాడే కోశాడు. అది కూడా వంకరగా కోశాడు.

రెండు చెక్కలూ విడిపోయాయి. ఎడమ వైపు, సిలువ స్టిక్కరు కింద, థర్మోకోల్ పై నుంచి కింద దాకా చీలి ఉంది. అంగుళం మందం ఉండవలసింది అక్కడ వేలి మందం కూడా లేదు. తడితే గింజలు గింజలుగా సగ్గుబియ్యంలా నేల మీద రాలింది. జెరెమియా తల్లి ఆ గింజలు అరచేతిలోకి ఎత్తుకుని, తన కొడుకు తల వైపు చూసి, మళ్లీ అరచేతి వైపు చూసింది. మూడు పేజీల ఉత్తరం, నోటీసు బోర్డు, రెండు కోడిగుడ్లు చెయ్యలేని పని ఆ గింజలు చేశాయి. నా ఉపన్యాసం అవసరమే రాలేదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంది.

గొప్ప మార్పు వచ్చిందని అనుకోకు. క్రిస్మస్ నాడు లెక్కపెట్టాను. వచ్చిన బండ్లలో సగానికి పైగా హెల్మెట్లు అద్దానికి తగిలించి ఉన్నాయి. జెరెమియా కొత్తది పెట్టుకున్నాడు. ఇంకో నలుగురో ఐదుగురో. అంతే. దీనికోసం మీ వదిన చీర చెంగు ఊడదీయించానా అనిపించింది.

నిన్న ఆదివారం గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నతానియేల్ బండి వచ్చింది. వెనక ప్రేమమణి. నెత్తిన హెల్మెట్! నీలం రంగుది, ధర కాగితం కూడా ఊడదియ్యలేదు. మెట్ల మీద నుంచి ఎవరో కోడలు పిల్ల కిసుక్కున నవ్వింది. ప్రేమమణి దిగి, హెల్మెట్ తియ్యకుండానే నిలబడి నా వైపు చూసింది. నేను ఏమంటానోనని. పదకొండేళ్ల నుంచి దాచుకున్న జవాబు నోటి చివర దాకా వచ్చింది. ఎంత మంచి జవాబో నీకు తెలియదు. రాకెట్ ఎక్కడ పెట్టారు అన్నదానికంటే చాలా మంచిది.

అప్పుడు చూశాను, గడ్డం కింద పట్టీ వదులుగా వేలాడుతోంది. రెండు వేళ్లు పట్టవలసిన చోట నా పిడికిలి పడుతుంది.

"అమ్మా, ఆ పట్టీ బిగించుకో" అన్నాను. అంతే అన్నాను.

లోపలికి వెళ్తూ మొగుడితో అంటోంది, నాకు వినపడదనుకుని. "చూసినవా, పెట్టుకున్నా తప్పే అంటడు ముసలాయన."

నీ పువ్వు ముక్క ఈ కవరులో ఉంది. గుడ్డ నేనుంచుకున్నాను. బ్యూలా బండికి ముందు టైరు మార్పించు.

అన్నయ్య,
ఆర్థర్